తుమ్ము తిరగబడితే: చిన్న కుక్కల్లో రివర్స్ స్నీజింగ్, ఇంట్లో మనం ఏం చేయాలి?



ఆ మధ్య నాలుగో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో ‘మై పెట్’ అని ఒక పేరాగ్రాఫ్ రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చాను. ఇంట్లో పెంపుడు జంతువు లేని పిల్లలు కూడా చిలకనో కుందేలునో ఊహించుకుని చక్కగా రాసుకొచ్చారు. ఒక పాప మాత్రం ఐదు లైన్లే రాసింది. వాళ్లింట్లో షిట్జూ కుక్క ఉంది. చివరి రెండు లైన్లు తెలుగులో చెప్పాలంటే ఇవి: “మా కుక్కకి ఒక్కోసారి ఊపిరి ఆగిపోతుంది. నేను స్కూల్లో ఉన్నప్పుడు అది చచ్చిపోతే నాకెవరు చెప్తారు?”

గ్రామర్ దిద్దడానికి పట్టుకున్న ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. ఆ వారంలో ఆ పాప రెండు రోజులు స్కూలుకి రాలేదు. వచ్చిన రోజుల్లో కూడా పరధ్యానంగానే ఉంది. కారణం అప్పుడు అర్థమైంది.

లంచ్ టైమ్‌లో పిలిచి, “ఊపిరి ఎలా ఆగుతుందిరా? నాకు చేసి చూపించు” అన్నాను. పాప మెడ ముందుకు చాపి, నోరు గట్టిగా మూసుకుని, కళ్లు పెద్దవి చేసి, ముక్కుతో గాలి లోపలికి లాగుతూ గుర్ గుర్ గుర్ మని వరసగా శబ్దం చేసింది. చూడగానే నాకు మా జున్ను గుర్తొచ్చాడు. జున్ను మా ఇంటి పొమేరియన్. వాడూ అచ్చం ఇలాగే చేస్తాడు. దీన్ని రివర్స్ స్నీజింగ్ అంటారు. పేరుకు తగ్గట్టే ఇది తిరగబడిన తుమ్ము. చాలాసార్లు దీనివల్ల కుక్కకు ఏ ప్రమాదమూ ఉండదు.

“మీ కుక్కకి ఏం కాదులే” అని అప్పుడే చెప్పేయాలనిపించింది. కానీ చెప్పలేదు. కళ్లతో చూడకుండా అలా చెప్పకూడదని ఒకసారి గట్టిగా తెలిసొచ్చింది. ఆ సంగతి కింద రాస్తాను. పాప వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి, మళ్లీ వచ్చినప్పుడు వీడియో తీసి వెటర్నరీ డాక్టర్‌కి చూపించమన్నాను. ఆవిడ అలాగే చేశారు. డాక్టర్ వీడియో చూసి, కుక్కను కూడా పరీక్ష చేసి, ఇది రివర్స్ స్నీజింగేనని చెప్పారు.

తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట వస్తే, ఇంకో ముగ్గురు నలుగురు పేరెంట్స్ “మా ఇంట్లో పగ్ కూడా ఇలాగే చేస్తుంది మేడం” అన్నారు. అందుకే ఈ నెల ఈ వ్యాసం. నేను డాక్టర్‌ని కాదు, కుక్కను పెంచుకుంటున్న టీచర్‌ని. డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదీ, పొరపాట్లు చేసి నేర్చుకున్నదీ మీతో పంచుకుంటున్నాను.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మామూలు తుమ్ములో గాలి ముక్కులోంచి ఒక్కసారిగా బయటికి వస్తుంది. ముక్కు ముందు భాగంలో దుమ్ము పడితే దాన్ని బయటికి తోసేయడానికి శరీరం చేసే పని అది. రివర్స్ స్నీజింగ్‌లో గాలి లోపలికి వెళ్తుంది. ఇక్కడ దురద పెట్టేది ముక్కు ముందు భాగంలో కాదు, బాగా వెనక, అంగుడికి పైన ముక్కు దారి గొంతులో కలిసే చోట. అక్కడ ఇరుక్కున్నదాన్ని ముందుకు తుమ్మి పంపడం కష్టం. అందుకే కుక్క గాలిని గట్టిగా లోపలికి లాగి, ఆ దుమ్మునో కఫాన్నో గొంతులోకి తెచ్చుకుని మింగేస్తుంది.

అంగుడి వెనక భాగంలో ఎముక లేకుండా మెత్తగా ఉండే కండను సాఫ్ట్ ప్యాలెట్ అంటారు. మనకు కొండనాలుక వేలాడేది దాని చివరే. రివర్స్ స్నీజింగ్ వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల కండరాలు కాసేపు బిగుసుకుంటాయి, గాలి దారి ఇరుకవుతుంది. ఆ గుర్ గుర్ శబ్దం అందుకే వస్తుంది.

చూడటానికి మాత్రం భయంగానే ఉంటుంది. కుక్క ఉన్నచోటే కొయ్యబారి నిలబడిపోతుంది. మెడ చాపుతుంది. ముందు కాళ్ల మోచేతులు బయటికి పెడుతుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతుంది. కళ్లు బయటికొచ్చినట్టు కనిపిస్తాయి. ఇదంతా కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల వరకు ఉంటుంది. తర్వాత ఒకసారి మింగి, ముక్కు నాకుకుని, ఏమీ జరగనట్టు బంతి వెనక పరిగెడుతుంది. ఈ చివరి సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. అయిపోగానే కుక్క పూర్తిగా మామూలుగా ఉండటమే రివర్స్ స్నీజింగ్‌కి పెద్ద గుర్తు.

ఏ కుక్కకైనా ఇది రావచ్చు కానీ చిన్న జాతుల్లో ఎక్కువగా చూస్తాం. పొమేరియన్, చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి వాటి గొంతు దారి చిన్నది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మూతి పొట్టిగా ఉంటుంది కానీ లోపలి కండ అంత తగ్గదు. ఆ కండ గాలి దారికి అడ్డం పడుతూ ఉంటుంది. అందుకే వాటికి గురక కూడా ఎక్కువ.

మన ఇళ్లలో ఏం రేపుతుంది?

దుమ్ము, పుప్పొడి అని అందరూ చెప్తారు. కానీ మన ఇళ్లలో వీటికంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పొగ. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, భోగి మంట, దీపావళి టపాసులు. మనం పీల్చే ఎత్తు వేరు, కుక్క పీల్చే ఎత్తు వేరు. దోమల కాయిల్ మనం పెట్టేది నేల మీదే, సరిగ్గా దాని ముక్కు పక్కనే.

రెండోది వంటింటి ఘాటు. పోపులో ఎండుమిర్చి మాడితే ఇంటిల్లిపాదీ దగ్గుతాం. కుక్క ముక్కు మనకంటే చాలా సున్నితం. మా జున్నుకి కారప్పొడి దంచిన రోజు తప్పకుండా వస్తుంది.

మూడోది వాసనలు. ఫినాయిల్, రూమ్ ఫ్రెషనర్, పర్ఫ్యూమ్, టాల్కమ్ పౌడర్, కొత్త పెయింట్. స్కూలుకి బయలుదేరేటప్పుడు పిల్లలు పౌడర్ దులుపుకునే చోటే కుక్క కూడా తోక ఊపుతూ తిరుగుతుంటుంది కదా!

నాలుగోది సంతోషం. నిజంగానే! కాలింగ్ బెల్ మోగగానే, నాన్న ఆఫీసు నుంచి రాగానే ఎగిరి గంతులేస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, అక్కడే మొదలవుతుంది. ఆబగా తినడం, గటగటా నీళ్లు తాగడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఐదోది మెడపట్టీ. వాకింగ్‌లో కుక్క ముందుకు లాగుతుంది, మనం వెనక్కి లాగుతాం. పట్టీ గొంతు మీద నొక్కుతుంది. చిన్న కుక్కలకు మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మంచిది. ఖర్చు పెద్దగా ఉండదు, ఫలితం మాత్రం వెంటనే కనిపిస్తుంది.

ఎప్పుడో ఒకసారి వస్తే ఇవే కారణాలు కావచ్చు. ముక్కులో గడ్డి ముల్లు ఇరుక్కోవడం, ముక్కులో పెరిగే సన్నటి పురుగులు, పై పళ్ల వేళ్లలో ఇన్‌ఫెక్షన్, ముసలి కుక్కల్లో ముక్కులో గడ్డ కూడా కారణం కావచ్చు. ఇవి తక్కువే కానీ లేకపోలేదు. ఉన్నట్టుండి రోజుకు చాలాసార్లు రావడం మొదలైతే వీటి గురించి ఆలోచించాలి.

ఆ ఒక్క నిమిషంలో ఏం చేయాలి?

ఒకటి. ముందు మీరు నెమ్మదించండి. మీరు అరిస్తే పిల్లలు అరుస్తారు, పిల్లలు అరిస్తే కుక్క ఇంకా బెదురుతుంది, అది ఇంకా పెరుగుతుంది.

రెండు. ఇంట్లో ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేసరికి కుక్క హాయిగా తోక ఊపుతూ ఉంటుంది. ఆ శబ్దాన్ని మనం నోటితో అనుకరించి చెప్పేదానికంటే ఇరవై సెకన్ల వీడియో ఎంతో నయం.

మూడు. పొగ, ఘాటు ఉంటే అక్కడి నుంచి గాలి వచ్చే చోటికి తీసుకెళ్లండి.

నాలుగు. మెల్లగా మాట్లాడుతూ గొంతు కింద పై నుంచి కిందికి వేళ్లతో నిమరండి. మింగడానికి అది సాయపడుతుంది. మింగితే చాలాసార్లు ఆగిపోతుంది. మూతికి కొంచెం పెరుగు రాసినా సరే, నాకి మింగుతుంది. ముద్దలు, బిస్కెట్లు మాత్రం ఆ సమయంలో పెట్టకండి.

ఐదు. ముక్కు రంధ్రాల మీద ఒక్క సెకను వేలు ఉంచితే మింగుతుందని కొందరు డాక్టర్లు చెప్తారు. ఇది పెద్దవాళ్లే చేయాలి, అదీ మీ డాక్టర్ చేసి చూపించాకే. చప్పిడి ముక్కు కుక్కలకు అసలే ఊపిరి కష్టం, వాటికి వద్దు. కుక్క తల తిప్పేసుకుంటే వదిలేయండి.

ఇవేవీ చేయకపోయినా మామూలు రివర్స్ స్నీజింగ్ దానంతటదే తగ్గిపోతుంది. మనం చేసేదంతా దాన్ని కాస్త ఊరడించడమే.

నేను చేసిన మొదటి పొరపాటు

జున్ను మా ఇంటికి వచ్చినప్పుడు మూడు నెలల పిల్ల. రెండో వారంలో ఒక రాత్రి మొదటిసారి ఇలా వచ్చింది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకున్నాను. వాడి నోరు తెరిచి వేలు పెట్టాను. వాడు బెదిరిపోయి గట్టిగా కొరికాడు. రక్తం వచ్చింది. వాడికి అప్పటికి రేబిస్ వ్యాక్సిన్ కూడా పడలేదు. సబ్బుతో కడుక్కుని హాస్పిటల్‌కి పరిగెత్తి, ఇంజెక్షన్ల కోర్సు మొత్తం పూర్తి చేయాల్సి వచ్చింది. ఆ హడావిడిలో మా నాన్నమ్మ ఒక్కతే తాపీగా ఉంది. “తుమ్మాడు పాపం, చిరంజీవ” అంది. తుమ్మేనని ఆవిడకి తెలిసింది, బీఈడీ చదివిన నాకు తెలియలేదు!

అందుకని ఏం చేయకూడదో కూడా చెప్తాను.

నోట్లో వేలు పెట్టకండి, ముఖ్యంగా పిల్లల్ని పెట్టనివ్వకండి. పొరపాటున పన్ను గీరుకున్నా, పెంపుడు కుక్కేనని, వ్యాక్సిన్ వేయించామని ఊరుకోకుండా, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్‌కి చూపించండి.

వీపు మీద చరచకండి, తలకిందులుగా పట్టుకుని ఊపకండి.

మన దగ్గు సిరప్‌లు, జలుబు మాత్రలు ఇవ్వకండి. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీయగలదు. పిల్లులకైతే ప్రాణాంతకం. షుగర్ ఫ్రీ సిరప్‌లలో కొన్నిసార్లు వాడే జైలిటాల్ కుక్కలకు విషం. ముక్కుకి బామ్ రాయడం కూడా వద్దు. అది నాకేస్తుంది, బామ్‌లలో ఉండే కర్పూరం దానికి హాని చేస్తుంది.

నేను చేసిన రెండో పొరపాటు

మొదటి పొరపాటు కంగారు వల్ల జరిగింది. రెండోది నాకు అన్నీ తెలుసనుకోవడం వల్ల జరిగింది.

జున్ను సంగతి అర్థమయ్యాక బంధువుల్లో నేనే కుక్కల డాక్టర్‌ని అయిపోయాను. ఒకరోజు మా పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. వాళ్ల పొమేరియన్ రాజాకి పదేళ్లు దాటాయి. “రాత్రిళ్లు ఏదో గురగురమంటున్నాడే, దగ్గులా కూడా ఉంది” అంది. నేను ఇంకో మాట అడగలేదు. “రివర్స్ స్నీజింగే పెద్దమ్మా, ఏం కాదు. మా వాడికీ వస్తుంది” అనేశాను. మూడు వారాల తర్వాత రాజా వాకింగ్‌లో పడిపోయాడు. పరీక్ష చేస్తే గుండె కవాటం సరిగా మూసుకోవట్లేదని తేలింది. చిన్న జాతి కుక్కలకు వయసు మీద పడ్డాక ఎక్కువగా వచ్చే జబ్బే అది. మందులు వాడారు. ఏడాదికి పైగా బతికాడు. ముందే తీసుకెళ్లి ఉంటే ఆ మూడు వారాలు వాడికి అంత ఆయాసం ఉండేది కాదు. పెద్దమ్మ నన్ను ఏమీ అనలేదు. “నువ్వు చెప్పావు కదమ్మా, అందుకే ఊరుకున్నాను” అంది అంతే. తిట్టినా బాగుండేది.

అందుకే మా క్లాసు పాపతో “ఏం కాదులే” అనలేకపోయాను. కొత్త పేరు ఒకటి తెలియగానే ప్రతి శబ్దానికీ అదే పేరు పెట్టేస్తాం. పేరు పెట్టే ముందు చూడాలి.

ఇది రివర్స్ స్నీజింగ్ కాకపోవచ్చు

గాలి లోపలికి వెళ్తోందా, బయటికి వస్తోందా? మొదట చూడాల్సింది ఇదే. రివర్స్ స్నీజింగ్‌లో గాలి లోపలికి, నోరు మూసుకుని. దగ్గులో గాలి బయటికి, నోరు తెరుచుకుని.

గాలిగొట్టం మెత్తబడటం: పొమేరియన్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి వాటిలో గాలిగొట్టాన్ని గుండ్రంగా నిలబెట్టే మృదులాస్థి వలయాలు బలహీనపడి గొట్టం చప్పబడుతుంది. అప్పుడు పెద్ద బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. మెడపట్టీ లాగినా, ఎగిరినా, ఎండలో తిరిగినా ఎక్కువవుతుంది. ఒళ్లు చేసిన కుక్కలకు ఇది ఇంకా కష్టం.

కెన్నెల్ కాఫ్: బోర్డింగ్‌లో వదిలి ఊరెళ్లి వచ్చాక, లేదా చాలా కుక్కలతో కలిసి ఉన్నాక పొడి దగ్గు మొదలైతే దీన్ని అనుమానించాలి. దగ్గి దగ్గి చివర్లో వాంతి వచ్చినట్టు చేస్తుంది. ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటుంది.

గుండె జబ్బు: వయసు మళ్లిన చిన్న కుక్క రాత్రిళ్లు దగ్గడం, కొంచెం నడవగానే అలసిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం దీని గుర్తులు. ఇంట్లో చేయగలిగే పరీక్ష ఒకటుంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ దానికంటే ఎక్కువగా ఉంటే డాక్టర్‌కి చెప్పాలి.

నిజంగానే గొంతులో అడ్డుపడటం: కుక్క ముందు కాళ్లతో మూతి గీరుకుంటుంది, చొంగ కారుస్తుంది, శబ్దం సరిగా రాదు, అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇది క్షణాల్లో ప్రాణం మీదకొచ్చే పరిస్థితి.

వడదెబ్బ: మన ఏప్రిల్, మే ఎండల్లో పగ్‌లకూ షిట్జూలకూ ఇది పెద్ద ప్రమాదం. నోరు తెరిచి ఆగకుండా రొప్పుతూ, నాలుక ఎర్రగా, తూలుతూ ఉంటే అది తుమ్ము కాదు. నీడకు తెచ్చి, మామూలు చల్లని నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి.

కింది వాటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి:

• నాలుక, చిగుళ్లు నీలంగా గానీ పాలిపోయి గానీ ఉంటే. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు నాలుక చూడండి. మీ కుక్క నాలుక ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఏ రంగులో ఉంటుందో ఈ రోజే చూసి పెట్టుకోండి.

• కళ్లు తిరిగి పడిపోతే, లేదా అయిపోయాక కూడా ఆయాసం తగ్గకపోతే.

• రెండు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటే.

• ముక్కు నుంచి రక్తం వస్తే. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం కుక్కల్లో ఎక్కువ. అందులో కూడా ముక్కు నుంచి రక్తం కారుతుంది. రక్త పరీక్షతో తెలుస్తుంది, మందు ఉంది, ఆలస్యం మాత్రం చేయకూడదు.

వెంటనే కాకపోయినా రెండు మూడు రోజుల్లో చూపించాల్సినవి: ఒకే ముక్కు రంధ్రం నుంచి చీమిడి కారడం, ముఖం ఒకవైపు వాపు, తిండి తగ్గడం, ఎప్పుడూ లేనిది ముసలి వయసులో కొత్తగా ఇలా మొదలవడం. ఇంట్లో పిల్లి ఇలాంటి శబ్దం చేస్తే మాత్రం ముందే చూపించండి. పిల్లుల్లో ఇది ఆస్తమా కావచ్చు.

డాక్టర్ ముందు ఊపిరితిత్తులు, గుండె విని, నోరూ పళ్లూ చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ముక్కు లోపల సన్నటి కెమెరాతో చూడాల్సి వస్తే మత్తు ఇవ్వాలి. అన్ని క్లినిక్‌లలో ఈ సదుపాయం ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ, తిరుపతిలోనూ, విజయవాడ దగ్గర గన్నవరంలోనూ ప్రభుత్వ వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. పెద్ద పరీక్షలు అవసరమైతే ఏ కాలేజీ హాస్పిటల్‌కి వెళ్లాలో మీ డాక్టర్‌నే అడగండి.

పిల్లలకు ఏం చెప్పాలి?

పిల్లల ముందు కుక్క కొట్టుకుంటుంటే మనం సాధారణంగా “నువ్వు లోపలికి వెళ్లు” అంటాం. లోపలికి వెళ్లిన పిల్లలు తలుపు వెనక ఆ శబ్దం మాత్రమే వింటారు. మిగతాది ఊహించుకుంటారు. ఆ ఊహ నిజం కంటే చాలా పెద్దది. మా క్లాసు పాప విషయంలో జరిగింది అదే. కుక్క మళ్లీ మామూలుగా పరిగెత్తడాన్ని పాప ఒక్కసారి కూడా చూడలేదు, ఎందుకంటే అప్పటికే తనని బెడ్‌రూమ్‌లోకి పంపేసేవారు.

పిల్లలకు ఆ సమయంలో కావాల్సింది ఒక పని. మూడడుగుల దూరంలో కూర్చుని సెకన్లు లెక్కపెట్టమనండి. తొమ్మిది పదేళ్ల పిల్లలైతే వీడియో వాళ్లే తీస్తారు. “ఎంతకి ఆగింది?” అని అడగండి. ‘పద్దెనిమిది’ అని వాళ్ల నోటితో వాళ్లే చెప్తే, అది ఆగేదేనని వాళ్లకే నమ్మకం కుదురుతుంది.

రెండో పని, ఒక చిన్న నోట్‌బుక్. తేదీ, టైమ్, ఎన్ని సెకన్లు, అంతకు ముందు ఏం జరిగింది. నాలుగే కాలమ్స్. మా పాప మూడు వారాలు రాసింది. కాలమ్స్ నిండాక వాళ్ల అమ్మగారు చూస్తే చాలావరకు రెండే సందర్భాలు: సాయంత్రం పూజ గదిలో సాంబ్రాణి వేసినప్పుడు, నాన్న వచ్చి బెల్ కొట్టినప్పుడు. ఇప్పుడు సాంబ్రాణి వేసేటప్పుడు కుక్క బాల్కనీలో ఉంటుంది. నాన్న బెల్ కొట్టకుండా అమ్మకి మిస్డ్ కాల్ ఇస్తున్నారట. పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. ఇంకో మేలు కూడా జరిగింది. ఎప్పుడైనా లెక్క మారితే, సెకన్లు పెరిగితే, ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆ పాపకే తెలుస్తుంది.

మూడో సంగతి. “ఏం కాదు” అని మాత్రమే చెప్పి వదిలేయకండి. “ఇది తుమ్ములాంటిదని డాక్టర్ చెప్పారు. ఒకవేళ తేడాగా కనిపిస్తే మనం వెంటనే తీసుకెళ్తాం. నువ్వు స్కూల్లో ఉన్నా సరే, ఏం జరిగినా నీకు నిజమే చెప్తాం” అనండి. పాప నోట్‌బుక్‌లో రాసిన ప్రశ్న అదే కదా, నాకెవరు చెప్తారు అని. దానికి జవాబు దొరికిన రోజు నుంచి తను ఒక్కరోజు కూడా స్కూలు మానలేదు.

పోయిన వారం క్లాసులో ఇంపరేటివ్ సెంటెన్సెస్ చెప్పాను. అంటే ఇది చేయండి, అది చేయకండి అని చెప్పే వాక్యాలు. ఎవరికి నచ్చిన పని మీద వాళ్లు ఐదు వాక్యాలు రాయమన్నాను. ఎక్కువమంది నిమ్మరసం ఎలా చేయాలో రాశారు. మా పాప కుక్కకి రివర్స్ స్నీజింగ్ వస్తే ఏం చేయాలో రాసింది. అరవకండి, నోట్లో చేయి పెట్టకండి, లెక్కపెట్టండి, గొంతు నిమరండి, నోట్‌బుక్‌లో రాయండి. ‘స్నీజ్’ స్పెల్లింగ్ ఒక్కటి తప్పు. అది దిద్ది, ఐదుకి ఐదు మార్కులు వేశాను.

మీ ఇంట్లో కూడా చిన్న కుక్క ఉంటే ఈ పేజీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి. పక్కనే మీ వెటర్నరీ డాక్టర్ నంబర్, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబర్ రాసి పెట్టండి. అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
ప్రైమరీ విభాగం